అక్క చీటీలో నా పదమూడు నెలలు

ముందే చెప్పేస్తున్నాను, నేను అప్పుల నుంచి బయటపడ్డ మనిషిని. టెక్సాస్‌లో మా ప్లేనో ఊళ్ళో తెలుగు ఆడవాళ్ళెవరికైనా క్రెడిట్ కార్డులు మెడకి చుట్టుకుంటే, "ఆవిణ్ణి అడుగు, ఆవిడకి అన్నీ తెలుసు" అని నా నంబర్ ఇస్తారు. నేనూ ఫోనెత్తి గంటసేపు ఓపిగ్గా చెప్తాను. కౌన్సెలింగ్ అంటే ఏమిటి, సెటిల్‌మెంట్ అంటే ఏమిటి, దివాలా దాకా వెళ్ళకుండా ఎన్ని దారులున్నాయి, అన్నీ చెప్తాను. బయటపడ్డ మాట నిజమే. ఎవరి భుజం మీద కాలు పెట్టి బయటికొచ్చానో మాత్రం ఆ గంటలో ఒక్కసారీ చెప్పలేదు.

మా అప్పు మా అమ్మాయి ఓణీల ఫంక్షన్‌తో మొదలైంది. మా ఆయన "బ్యాక్‌యార్డ్‌లో టెంట్ వేయించి ఓ యాభై మందిని పిలుద్దాం" అన్నాడు. నేను ససేమిరా అన్నాను. ఎన్ని ఫంక్షన్లకి వెళ్ళి తినొచ్చాం, ఎన్ని రిటర్న్ గిఫ్ట్‌లు తెచ్చుకున్నాం, ఇప్పుడు మనం టెంట్ వేస్తే నలుగురూ ఏమనుకుంటారు? బాంక్వెట్ హాలు, మూడు వందల మంది, డ్రోన్ కెమెరా, ఒక్కొక్కరికీ వెండి కుంకుమ భరిణె. నాలుగు కార్డుల మీద గీశాను. అందులో ఒకదానికి పద్దెనిమిది నెలల దాకా వడ్డీ లేదన్నారు. ఆ పద్దెనిమిది నెలలూ నాకు పద్దెనిమిదేళ్ళలా వినిపించాయి.

ఫంక్షన్ అయిన ఆర్నెల్లకి మా ఆయన ప్రాజెక్ట్ పోయింది. హెచ్ వన్ వీసా మీద ఉన్నవాళ్ళకి ఉద్యోగం పోతే అరవై రోజులు గడువు. యాభై మూడో రోజున ఇంకోటి దొరికింది, జీతం మూడో వంతు తగ్గి. నాదేమో టెస్టింగ్‌లో కాంట్రాక్ట్ ఉద్యోగం, గంటల లెక్క. ఆ యాభై మూడు రోజులూ కూరగాయల దగ్గర్నుంచి కరెంటు బిల్లు దాకా కార్డులే మోశాయి. ఆ తర్వాత నేను ఈ కార్డులోది ఆ కార్డులోకి, ఆ కార్డులోది ఇంకో కార్డులోకి మారుస్తూ కూచున్నాను. మార్చిన ప్రతిసారీ ఫీజు. ఏదో పని చేస్తున్నట్టు ఉండేది గానీ అప్పు మాత్రం తరగలేదు.

అప్పుడే అక్క చీటీ మొదలుపెట్టింది.

అక్క అంటే నాకు తోడబుట్టింది కాదు. మా అపార్ట్‌మెంట్లలో కింద ఇంట్లో ఉండేది, నాకన్నా పదిహేనేళ్ళు పెద్ద, కరీంనగర్ వైపు మనిషి. ఇంట్లో పిల్లల్ని చూసుకునేది. మా అమ్మాయికి రెండేళ్ళప్పుడు నేను ఉద్యోగంలో చేరితే, దాన్ని పెంచింది ఆవిడే అనాలి. మా అమ్మాయి ఈనాటికీ పప్పన్నంలో పచ్చిపులుసు కలుపుకుంటుంది, అది ఆవిడ చేసిన అలవాటు. తర్వాత మేం ఇల్లు కొనుక్కుని నాలుగు మైళ్ళ దూరం వెళ్ళాం. అక్క అక్కడే ఉంది.

ఆవిడ చీటీలో ఇరవై మంది, ఇరవై నెలలు. అందరూ మనవాళ్ళే. చీటీ ఎత్తుకోక ముందు నెలకి ఐదు వందలు కట్టాలి, ఎత్తుకున్నాక ఆరు వందలు. ఎవరి నెల ఏదో మొదటి రోజే చిట్టీలు వేసి తీశారు. నాకు పద్నాలుగో నెల వచ్చింది. నాలుగో నెల నడిపేవాళ్ళది, అంటే అక్కది. కాగితం లేదు, సంతకం లేదు. వాట్సాప్ గ్రూపులో పేర్ల పక్కన టిక్ మార్కులు, అంతే. అమెరికాలో ఒక మనిషికి అప్పివ్వడానికి బ్యాంకువాళ్ళు మన జాతకం మొత్తం చూస్తారు. అక్క మా మొహాలు చూసి చేర్చుకుంది.

మూడో నెలలో వెళ్ళి ఆవిడ వంటింట్లో ఏడ్చాను. నిజంగానే ఏడ్చాను, నటన కాదు. కార్డు వడ్డీ లేని గడువు అయిపోతోందని, ఒక్క కార్డు మూసేస్తే ఊపిరి పీల్చుకుంటామని చెప్పాను. ఆవిడ చపాతీ పిండి చెయ్యి కడుక్కుని, "ఫికర్ చెయ్యకు. నా నెల నువ్వు ఎత్తుకో. నీ పద్నాలుగో నెల నేను తీస్కుంట. నాకేం తొందరున్నది?" అంది. వాళ్ళాయన పక్క గదిలోంచి విన్నాడో లేదో తెలీదు. ఏప్రిల్‌లో పదివేల పైచిలుకు నా చేతికొచ్చింది.

ఆ డబ్బుతో పెద్ద కార్డు మూసేశాను. మూసేయడమంటే కట్టేశాను, కత్తిరించలేదు. అది ఖాళీగా కనబడేసరికి జూన్‌లో కారు ట్రాన్స్‌మిషన్ పోతే దాని మీద గీశాను, జూలైలో ఇంకేదో గీశాను. ఇప్పుడు ఫోన్లో అడిగేవాళ్ళకి ఇదే మొదటి పాఠంగా చెప్తాను: అప్పు తీర్చడానికి తెచ్చిన అప్పుతో కార్డు ఖాళీ చేస్తే ముందు కార్డు తీసి అవతల పారెయ్యండి అని. నా సొంత అనుభవం అని కూడా చెప్తాను. ఆ తెచ్చిన అప్పు ఎవరిదో అడగరు, నేనూ చెప్పను.

చీటీకి మే, జూన్, జూలై మూడు నెలలు ఆరేసి వందలు కట్టాను. ఆగస్టుకి మాకు కార్డుల కనీసపు మొత్తాలు కూడా అందలేదు.

అప్పుడు దారులు వెతికాం. ఒక సెటిల్‌మెంట్ కంపెనీ అబ్బాయి ఫోన్లో తేనె కారుస్తూ మాట్లాడాడు. కార్డులకి కట్టడం పూర్తిగా ఆపేయాలట, ఆ డబ్బు వాళ్ళ ఖాతాలో వేస్తుండాలట, బ్యాంకులు విసిగిపోయాక సగానికి బేరం కుదురుస్తాడట. ఈ లోపల బ్యాంకులు కేసు వేస్తేనో అని మా ఆయన అడిగితే, "అలా చాలా అరుదు సర్" అన్నాడు. ఆ అరుదు మా ఇంటికే వస్తుందని మాకు గట్టి నమ్మకం, వద్దన్నాం. ఇక దివాలా సంగతి. మా స్నేహితుల గ్రూపులో ఎవర్నడిగినా గ్రీన్ కార్డ్ పోతుందని ఒట్టేసి చెప్పారు, ఒక్కరూ తెలిసి చెప్పింది కాదు. లాయర్ దగ్గరికి వెళ్తే ఆవిడ నవ్వి, దివాలా తీసినంత మాత్రాన అలా ఏం జరగదు, కావాలంటే మీ ఇమిగ్రేషన్ లాయర్‌ని కూడా అడగండి అంది. తర్వాత ఒక మాట అంది. బ్యాంకులే కాదు, స్నేహితులకీ చుట్టాలకీ ఎవరికి బాకీ ఉన్నా పేరు రాయాలి, ఒక్కర్ని కూడా దాచకూడదు, అందరికీ కోర్టు నుంచి నోటీసు వెళ్తుంది అని.

కార్లో కూచోగానే మా ఆయనతో అన్నాను, "అక్క ఇంటికి కోర్టు కాగితం వెళ్ళడమా? చచ్చినా వద్దు." ఆ మాటన్నప్పుడు నా మీద నాకే ఎంత గౌరవం కలిగిందో చెప్పలేను. అక్క కోసం దివాలా వదులుకున్నాను అనుకున్నాను. చాలా ఏళ్ళు అలాగే అనుకున్నాను.

చివరికి కౌన్సెలింగ్ దారి పట్టాం. లాభం కోసం కాని సంస్థ అది. వాళ్ళు బ్యాంకులతో మాట్లాడి వడ్డీ తగ్గిస్తారు, కార్డులన్నీ మూసేస్తారు, మనం నెలకి ఒకే మొత్తం వాళ్ళకి కడితే వాళ్ళు అందరికీ పంచుతారు. అసలు మొత్తం తీరుస్తాం కాబట్టి ఎగ్గొట్టిన పేరు రాదు. మధ్యాహ్నం లంచ్ టైంలో ఆఫీస్ పార్కింగ్‌లో, కారు ఏసీ వేసుకుని ఆ కౌన్సెలర్‌తో మాట్లాడాను. పెద్దావిడ గొంతు, టెక్సాస్ యాస, నిదానం. ఇంటి ఖర్చు మొత్తం ఒక్కొక్క గడీ నింపింది. ఇంటి లోను, గ్యాస్, పచారీ సామాన్లు, అమ్మాయి కూచిపూడి క్లాసు. తర్వాత అడిగింది, "స్నేహితులకి గానీ కుటుంబానికి గానీ ఏమైనా ఇవ్వాలా? ఉంటే చెప్పండి. అది మా ప్లాన్‌లోకి రాదు కానీ, వాళ్ళకి నెలకి ఇంత అని మీ బడ్జెట్‌లో చోటు పెడతాను. వాళ్ళని కూడా లెక్కలో ఉంచాలి కదా."

నేను "లేవు" అన్నాను.

ఎందుకన్నానో ఇన్నేళ్ళూ రకరకాలుగా చెప్పుకున్నాను. సిగ్గు అనుకున్నాను. చీటీ అంటే ఏమిటో ఆ అమెరికన్ ఆవిడకి ఎక్కడ చెప్పేది అనుకున్నాను. అసలు సంగతి వేరే. ఆ గడిలో నెలకి రెండు వందలు పెడితే కూచిపూడి గడి ఖాళీ చేయాల్సొచ్చేది. డాన్సు మానేస్తే అందరూ ఎందుకు మానేసిందని అడుగుతారు. అక్క అడగదు. అడగని మనిషిని వదిలేసి అడిగేవాళ్ళకి కట్టాను. ఇంతకన్నా గొప్ప కారణం ఏమీ లేదు.

అక్కకి ఫోన్ చేసి, "కొన్నాళ్ళు ఆగండి అక్కా, మిగిలింది ఎలాగైనా ఇచ్చేస్తాను" అన్నాను. ఆవిడ "సరే, చూస్త తియ్" అంది. మరునెల చీటీ ఎవరిదో వాళ్ళకి టైముకి అందింది. ఆ పై నెలా అందింది. గ్రూపులో నా పేరు పక్కన కూడా టిక్ మార్కు పడింది. ఆ టిక్ పెట్టింది ఎవరో నాకు తెలుసు. నేను దానికి రెండు చేతులు జోడించిన బొమ్మ కూడా పెట్టలేదు, అందరూ చూస్తారని.

ఆ తర్వాత యాభై నాలుగు నెలలు ప్రతి ఐదో తారీఖునా బ్యాంకులకి కట్టాను. ఒక్క నెల తప్పలేదు. అంత క్రమశిక్షణ నాలో ఉందని మా అమ్మ కూడా నమ్మదు. అదే యాభై నాలుగు నెలలూ అక్కని తప్పించుకు తిరిగాను. మాకు దగ్గర్లో ఉన్న ఇండియన్ స్టోర్ మానేసి పక్క ఊరు ఫ్రిస్కో దాకా వెళ్ళి కరివేపాకు కొనేదాన్ని. ఒకసారి అక్కడే ఆవిడ కనబడితే, ఇరవై పౌండ్ల సోనా మసూరి బస్తాల వెనక మోకాళ్ళ మీద కూచుని, ధర చూస్తున్నట్టు అయిదు నిమిషాలు గడిపాను. అక్క మాత్రం సంక్రాంతికి సకినాలు, ఎండాకాలం మామిడికాయ తొక్కు, ఎవరో ఒకరి చేత పంపుతూనే ఉండేది. డబ్బా కడిగి తిరిగి పంపేదాన్ని. అందులో ఏమైనా పెట్టి పంపాలని తెలుసు, పంచదారైనా పోసి పంపేదాన్ని.

ఆవిడ కోప్పడి ఉంటే బావుండేది. ఒక్కసారి "ఏమైందే నా పైసలు" అని ఉంటే నేను తిరగబడేదాన్నో, ఏడ్చేదాన్నో, కట్టేదాన్నో. కార్డువాళ్ళు రోజుకి ఆరుసార్లు ఫోన్ చేసి కట్టించుకున్నారు. అక్కకి ఆ విద్య రాదు.

పోయిన ఫిబ్రవరిలో ప్లాన్ అయిపోయింది. అభినందిస్తూ ఈమెయిల్ వచ్చింది, రంగు కాగితాలు ఎగురుతున్న బొమ్మతో. ఇక మొదట అక్కదే అని మా ఆయనతో అన్నాను. మార్చిలో కారు టైర్లు మార్చాం. ఏప్రిల్‌లో మా అమ్మాయి కాలేజీ డిపాజిట్. మేలో ఇక్కడి తెలుగు ఆడవాళ్ళ సంఘంవాళ్ళు పిలిచి, అప్పుల గురించి సిగ్గుపడకుండా మాట్లాడే మనిషి కావాలి, పది నిమిషాలు మాట్లాడతారా అన్నారు. వెంటనే ఒప్పుకున్నాను. కంచి పట్టుచీర కట్టుకుని వెళ్ళాను.

బాగా మాట్లాడాను. నవ్వించాను కూడా. ఆఖర్న మైకు పట్టుకుని, "దివాలా తీయకుండా, ఎవరికీ ఒక్క పైసా ఎగ్గొట్టకుండా బయటపడ్డాను" అన్నాను. చప్పట్లు కొట్టారు. మూడో వరసలో అక్క ఉంది, వచ్చిందని నాకు తెలీదు. ఆవిడా చప్పట్లు కొడుతోంది. వెటకారంగా కాదు. నన్ను చూసి సంతోషంగా తల ఊపుతూ కొడుతోంది. ఆ చూపు తప్పించుకోవడానికి ఫోటోల్లో కూడా నిలబడకుండా వెళ్ళిపోయాను.

వారం తర్వాత ఆవిడే ఫోన్ చేసింది. "మొన్న మస్తు మంచిగ మాట్లాడినవ్. గా కౌన్సెలింగ్ నంబర్ ఉంటే పంపు, తెలిసినోళ్ళకు గావాలె" అంది. పంపాను. మర్నాడు మళ్ళీ చేసింది. "వాళ్ళ ఇంగ్లీషు జెర స్పీడుగున్నది. నువ్వొచ్చి పక్కన కూసుంటవా? తెలిసినోళ్ళంటే ఎవరో కాదు, నేనే." అంది, చిన్నగా నవ్వి.

నేను వెళ్ళేసరికి ఆవిడ చూసుకునే పిల్లలు ఇద్దరూ హాల్లో నిద్రపోతున్నారు. వాళ్ళాయనకి వెన్నెముక ఆపరేషన్ అయ్యి గోదాములో పని మానేసి ఏడాది దాటిందట. నాకు తెలీదు. తప్పించుకు తిరిగేవాళ్ళకి ఇలాంటివి తెలియవు. డైనింగ్ టేబుల్ మీద ఒక ఫైలు పెట్టింది. మూడు కార్డుల స్టేట్‌మెంట్లు, మొదట్నుంచీ ఒక్కటి పారేయకుండా, తారీఖు ప్రకారం. కౌన్సెలర్ అడిగేవి వెతకమని నాకే ఇచ్చి టీ పెట్టడానికి లేచింది.

పాత కార్డు స్టేట్‌మెంట్లు తిరగేస్తుంటే అడుగున కనిపించింది. ఆగస్టులో, ఏటీఎంలో తీసిన నగదు, ఆరు వందలు. సెప్టెంబర్‌లో ఆరు వందలు. నవంబర్‌లో, డిసెంబర్‌లో. వరసగా ఏడాది పొడుగునా. కార్డు మీద నగదు తీస్తే మొదటి రోజు నుంచే వడ్డీ పడుతుందని నేను పదిమందికి పాఠం చెప్పినదాన్ని. లెక్కపెట్టాను. పన్నెండు ఉన్నాయి. నేను ఎగ్గొట్టింది పదమూడు నెలలు. పదమూడోది ఏ మడతలోనో ఉండుంటుందని అనుకున్నాను, ఇంకోసారి వెతకలేదు.

అక్క టీ తెచ్చి పెట్టింది. నా చేతిలో ఏ పేజీ ఉందో చూసింది. దాన్ని తీసుకుని అడుక్కి పెట్టేసి, ఫోన్ స్పీకర్లో పెట్టమంది.

ఈసారి కౌన్సెలర్ ఎవరో కుర్రాడు. మర్యాదస్తుడే, గబగబా మాట్లాడుతున్నాడు. ఆదాయం, అద్దె, మందులు, కార్డులు. నేను ఇంగ్లీషులో చెప్తున్నాను, అక్క తెలుగులో అందిస్తోంది. అప్పు ఎలా అయిందని అడిగితే, "ఇంటి ఖర్చులని చెప్పు" అంది. చెప్పాను. తర్వాత అతను అడిగాడు, మీకు ఎవరైనా డబ్బు ఇవ్వాల్సింది ఉందా అని.

నేను తర్జుమా చేయలేదు. ఆవిడకి ఆ మాత్రం ఇంగ్లీషు వచ్చు.

"ఎవ్వలు లేరని చెప్పు," అంది అక్క, నా వైపు చూడకుండా, టీ కప్పు జరుపుతూ.

నన్ను చెప్పమంది. నా నోటితోనే. ఒకసారి కార్లో కూచుని "లేవు" అన్నాను, ఇప్పుడు ఇంకో "లేరు" అంటే సరిపోతుంది, ఇద్దరి లెక్కా సరిగ్గా కుదురుతుంది. కౌన్సెలర్ "మేడమ్, వినిపిస్తోందా?" అన్నాడు. ఒక పాప నిద్రలో కదిలితే అక్క లేచి దుప్పటి కప్పి వచ్చింది. తిరిగొచ్చి కూచుని, మళ్ళీ అంది, "చెప్పు బిడ్డా, పాపం ఆయన ఆగిండు."

"ఒకరున్నారు," అన్నాను ఇంగ్లీషులో. "నేనే. ఐదేళ్ళ నుంచి ఇవ్వాలి." రెండుసార్లు చెప్పాల్సొచ్చింది. అతని కీబోర్డు చప్పుడు ఆగింది. తర్వాత చాలా మామూలుగా, ఎంత మొత్తం అని అడిగాడు.

పదమూడు ఆరులు డెబ్భై ఎనిమిది. ఆ లెక్క నాకు నిద్రలో కూడా వచ్చు. "సెవెన్ థౌజండ్ ఎయిట్ హండ్రెడ్," అన్నాను.

"తప్పు," అంది అక్క.

తక్కువ చెప్పాననుకున్నాను. వడ్డీ కలిపి ఉంటుంది, ఎంతైనా కలిపి ఉండొచ్చు, న్యాయమే అనుకున్నాను. ఆవిడ ఫైలు వైపు చూడలేదు, వేళ్ళ మీద లెక్కపెట్టలేదు.

"ఏడు వేల రెండొందలు. అక్టోబర్ల బతుకమ్మ నాడు పార్కు కాడ కారు దగ్గరికొచ్చి ఆరొందలు ఇచ్చినవ్ గదా."

అప్పుడు గుర్తొచ్చింది. ఆవిడ పక్కన నలుగురు చీటీవాళ్ళు నిలబడి ఉంటే, వాళ్ళు చూడాలని ఇచ్చాను. ఇచ్చి, మర్చిపోయాను.

"ఇచ్చింది ఇచ్చినట్టే రాయమను," అంది అక్క. "ఏడు వేల రెండొందలే అని చెప్పు."